పరదా మీది చెరువు

ఆరు దాటింది. ఖాజాగూడ గుట్ట మీద చీకటి ఇంకా పూర్తిగా విడవలేదు. అరచేతి కింద రాయి చల్లగా, గరుకుగా తగులుతోంది. రాత్రి పట్టిన మంచుకి కాస్త తడిగా కూడా ఉంది. ముందు చిన్నాయన ఎక్కుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కాళ్లకి పాత కాన్వాసు బూట్లు, చెవుల మీదుగా మఫ్లరు. ఎక్కడ అడుగు వెయ్యాలో ముందే చూసి పెట్టుకున్నవాడిలా ఒక గుండు మీంచి ఇంకో గుండు మీదికి పోతున్నాడు. వెనకాల నేను, ఒక చేతిలో ఫోను, ఇంకో చెయ్యి రాయి మీద.

"ఫోను జేబుల వెట్టు బిడ్డా. మొదలు ఎక్కు. ఎక్కినంక చూద్దువు."

పెట్టేశాను. రెండు చేతులూ ఖాళీ అయ్యాక ఎక్కడం తేలికైంది. కింద రోడ్డు మీద రాత్రి షిఫ్టు వాళ్లని ఇళ్లకి చేర్చే క్యాబులు తిరుగుతున్నాయి. వాటి హారన్లు ఇక్కడికి వచ్చేసరికి పల్చబడిపోతున్నాయి. పొదల్లోంచి ఓ నెమలి గట్టిగా అరిచింది. ఈ గుట్టకి ఫక్రుద్దీన్ గుట్ట అని ఇంకో పేరుంది. బాబా ఫక్రుద్దీన్ ఔలియా దర్గా, అనంతపద్మనాభస్వామి గుడి ఈ రాళ్ల మధ్యే ఉన్నాయి. ఆరేళ్లుగా గచ్చిబౌలిలో ఉంటున్నాను. రోజూ ఈ గుట్ట పక్క నుంచే ఆఫీసుకి పోతున్నాను. పైకి రావడం ఇదే మొదలు.

పైన గాలి పదునుగా ఉంది. పడమర నుంచి నైరుతి దాకా నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ టవర్లు. ఇంకా కడుతున్నవాటి నెత్తిన క్రేన్లు, క్రేన్ల కొసన ఎర్ర దీపాలు. తూర్పున పొగమంచు. ఆగ్నేయం మూల దాని వెనక ఎక్కడో గోల్కొండ. మాకంటే ముందే పదిమంది దాకా వచ్చి ఉన్నారు. అందరూ తూర్పుకి తిరిగి, ఫోన్లు ఎత్తి సిద్ధంగా నిలబడ్డారు. నేనూ వెళ్లి వాళ్ల వరసలో చేరబోయాను.

"ఆగు," అన్నాడు చిన్నాయన. "ఇయ్యాల నీకు పన్నెండే. యాదున్నది గదా?"

ఉంది. ఇప్పటి నుంచి రాత్రి అరకు ప్రయాణానికి బస్సు ఎక్కేదాకా పన్నెండు ఫొటోలు. అంతకు మించి ఒక్కటి కూడా తియ్యనని మాటిచ్చాను.

చిన్నాయనకి జగిత్యాలలో ముప్పై ఏళ్ల పాటు ఫొటో స్టూడియో ఉండేది. పాస్‌పోర్ట్ ఫొటోలు, పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లు. మెడలో వేలాడే యాషికా కెమెరా, అందులో 120 రోలు. రోలుకి పన్నెండు బొమ్మలు. పన్నెండూ అయ్యాక చీకటి గదిలో ఎర్ర బల్బు వెలిగించుకుని కడిగితేనే ఏది పడిందో, ఏది చెడిందో తెలిసేది. స్టూడియో మూసేసి చాలా ఏళ్లైంది. వారం కిందట మా ఇంటికి వచ్చినప్పుడు, మే నెలలో వెళ్లొచ్చిన గండికోట ఫొటోలు చూపించాను. మొత్తం నాలుగొందల పన్నెండు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఫోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఒక్కటీ వదలకుండా అన్నీ చూశాడు. అరగంట పట్టింది.

"గిండ్ల నువ్వు తీసింది ఏది?"

"అన్నీ నేనే తీశాను చిన్నాయనా."

"బటన్ నువ్వే ఒత్తినవ్. నువ్వు తీసింది ఏదని అడుగుతున్న."

నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి ఇంకోటి అడిగాడు. "సరే, ఆడ ఏం జూసినవో అది చెప్పు."

చెప్పాను. లోయ అడుగున పెన్నా ఉంది. నీళ్ల మీద గాలి పాకినప్పుడల్లా ఆ పచ్చటి పట్టీ మొత్తం వణికేది. ఎర్ర రాళ్లు పలకల మీద పలకలు పేర్చినట్టు ఉన్నాయి. అంచున ఒకావిడ గొడుగు కింద కూర్చుని మామిడికాయ ముక్కలు అమ్ముతోంది. ఆవిడ కొంగు గాలికి లోయ వైపే ఎగురుతోంది. చెబుతుంటే నాకే ఒళ్లు జలదరించింది.

"అది ఏది గిండ్ల?" అన్నాడు ఫోను చూపించి.

లేదు. నాలుగొందల పన్నెండింట్లో ఆ కొంగు లేదు, ఆ వణుకు లేదు. బూడిద రంగు ఆకాశం, దాని కింద చప్పటి ఎర్ర గోడ, ముందు మేం నలుగురం. చాలావాటిలో మా కళ్ల కింద నల్లటి గుంటలు. మేం వెళ్లింది మే మొదటి వారం, లోయ అంచుకి చేరింది పన్నెండుంబావుకి. తర్వాత లెక్క చూసుకుంటే తెలిసింది, ఆ వారంలో మధ్యాహ్నం పూట గండికోట మీద సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా నెత్తిన ఉంటాడు. నీడలన్నీ వస్తువుల కిందే ఇరుక్కుపోతాయి. పలకకీ పలకకీ మధ్య ఉండే సందుని కంటికి చూపించేది నీడే కదా, అది లేకపోతే కొండ కాస్తా సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. పైగా లోయంతా ఒకేసారి పట్టాలని ఫోనులో అన్నిటికంటే వెడల్పాటి లెన్సు పెట్టాను. అది అంతా పట్టిస్తుంది నిజమే. పట్టించడానికి దూరంగా ఉన్న ప్రతిదాన్నీ చిన్నది చేసేస్తుంది. ఎదురుగా నిలబడితే గుండె ఆగినంత పనైన కొండ గోడ, ఫొటోలో వేలెడంత ఎత్తు కూడా లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చిన్నాయన నాకు పరదా సంగతి చెప్పాడు.

ఆయన స్టూడియోలో వెనక గోడకి ఒక పరదా ఉండేది. రంగులు వేసిన గుడ్డ. దాని మీద ఒక చెరువు, చెరువు మీద చిన్న వంతెన, అవతల నీలం కొండలు. నాకు గుర్తుంది. నా నాలుగో ఏట అమ్మ ఒళ్లో కూర్చుని దిగిన ఫొటోలో ఆ వంతెన నా చెవి పక్క నుంచి పోతుంది. ఊళ్లోంచి వచ్చిన వాళ్లంతా ఆ చెరువు ముందే నిలబడి ఫొటో దిగేవారు. కొండల దాకా పోయే తీరిక, డబ్బు ఎవరికున్నాయి? చిన్నాయన జీవితంలో పైసలకి తీసిన సీనరీ అంటూ ఏదీ లేదు, ఆ గుడ్డే ఆయన సీనరీ. అయితే ముప్పై ఏళ్లు దాన్నే చూస్తూ పనిచేశాడు.

"ఆ పరదా గీసినాయన ఊకె గియ్యలే బిడ్డా. ముంగట ఒక పెద్ద చెట్టు కొమ్మ వెట్టిండు, ఆకులన్నీ లెక్కవెట్టొచ్చు. నడుమ చెరువు వెట్టిండు. దూరం కొండలు వెట్టిండు, రంగు తక్కువ జేసి. ముంగట, నడుమ, దూరం. గుడ్డ సాపుగుంటది గదా, అండ్ల లోతు గనవడాలంటె గీ మూడు ఉండాలె. నీ ఫోను అద్దం గూడ సాపే. నువ్వేమో దూరం ఒక్కటే తీస్తవ్."

అరకు పోతున్నానని చెప్పగానే, పోయేలోపు ఒక రోజు నాతో రమ్మన్నాడు. నేర్చుకోవడానికి ఇంత దూరం, అంత దూరం అక్కర్లేదన్నాడు. సెలవు పెట్టి వెళ్లిన చోట ఒక్క పొద్దు, ఒక్క సాయంత్రమే దొరుకుతాయి, అక్కడ తడుముకుంటూ కూర్చుంటే అవి పోతాయి, చెయ్యి ఇక్కడే తిరగాలి అన్నాడు. క్రిస్మస్ సెలవులకి ముందు రోజున, మబ్బుల్నే లేపి, ఇదిగో ఈ గుట్ట ఎక్కించాడు.

ఆరూ నలభై. తూర్పున పొగమంచులోంచి సూర్యుడు లేచాడు. నారింజ రంగు బిళ్ల, ఇంకా కళ్లు పెట్టి చూడగలిగేంత మెత్తగా ఉన్నాడు. పక్కన వరసలో ఫోన్లన్నీ ఒకేసారి క్లిక్కుమన్నాయి. నా చెయ్యి కూడా జేబులోకి పోయింది.

"ఎనుకకి తిరుగు," అన్నాడు చిన్నాయన.

తిరిగాను.

ఇది చెప్పడం కష్టం. రెండు నిమిషాల కిందట బూడిద రంగులో ఉన్న టవర్ల అద్దాలన్నీ పై అంతస్తుల నుంచి కిందికి ఒక్కొక్కటిగా అంటుకుంటున్నాయి. గులాబీ, తర్వాత రాగి, తర్వాత పసుపు. వెలుగు మెట్లు దిగుతున్నట్టు దిగుతోంది. మా కాళ్ల కింది రాళ్ల మీదికి కూడా వచ్చింది, పక్కవాటుగా. అప్పటిదాకా ఒక ముద్దలా ఉన్న గుట్ట విడివిడి గుండ్లుగా విడిపోయింది. ప్రతి గుండుకీ ఒక వెలుగు చెంప, ఒక నీడ చెంప. రాతి మీద పట్టిన బూడిదాకుపచ్చ నాచు మచ్చలు, వాటి అంచున బియ్యపు గింజంత నీటి బొట్లు, మైకా పొడిలా మెరిసే చుక్కలు, అన్నీ ఇప్పుడే పుట్టినట్టు కనిపిస్తున్నాయి. ఈ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గట్టిపడి, పగుళ్లు తీసి, పైన ఉన్న మట్టి కొట్టుకుపోయాక బయటపడి, ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా మూలలు ఊడిపోయి ఇలా గుండ్రంగా తయారైంది. ఎవరో ఎత్తి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఈ గుండ్లని ఎవరూ ఎత్తి పెట్టలేదు, ఉన్నచోటే అరిగాయి.

ఫోను తీశాను. ముందుగా చిన్నాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, లోపలి బనియను అంచుతో లెన్సు తుడిచాడు. "రోజంత జేబుల, చేతుల. నూనె వట్టి ఉంటది. గా నూనెలకెళ్లి చూస్తే పొద్దు గూడ చెదిరిపోతది." గీతల గడి తెర మీద కనిపించేలా పెట్టించాడు. దిగంతం గీత వంకర లేకుండా ఆ గడితో సరిచూసుకోమన్నాడు.

మొదటిది తీశాను. టవర్లు, రాళ్లు, వెలుగు. రాళ్ల మీద అడ్డంగా నా నీడ, చేతులెత్తి ఫోను పట్టుకున్న నా నీడే. వెలుగు వీపు వెనక ఉంటే అదే జరుగుతుంది. "కొంచెం ఎడమకి తిరుగు. పొద్దు నీ బుజం మీంచి రావాలె, వీపు మీంచి గాదు." నైరుతికి తిరిగాను. నీడ ఫ్రేములోంచి తప్పుకుంది, రాళ్ల నీడలు అడ్డంగా పరుచుకున్నాయి. రెండోది తీశాను. బాగుంది గాని ఆకాశం తెల్లగా పేలిపోయింది. తెర మీద వేలు పెట్టి, పక్కన వచ్చిన చిన్న సూర్యుడి గుర్తుని కిందికి లాగితే వెలుగు తగ్గుతుందని నాకు తెలుసు, ఎప్పుడూ లాగలేదంతే. లాగాను. మబ్బు అంచులు తిరిగి వచ్చాయి.

పన్నెండే ఉన్నాయనుకుంటే కాళ్లు వాటంతట అవే కదులుతాయి. అప్పటిదాకా నిలబడ్డ చోట నిలబడి వేళ్లతో జూమ్ చేసేదాన్ని. ఇప్పుడు వంగాను, పక్కకి జరిగాను, కూర్చున్నాను. కూర్చోగానే ముందున్న గుండు పెద్దదై, టవర్లు దాని భుజం వెనక్కి పోయాయి. పరదాలో చెట్టు కొమ్మలాగ. ముంగట అంటే ఇదన్నమాట.

అయితే ఆ గుండుకి ఒక పక్క చెక్కేసినట్టుంది. అంచు వెంబడి వరసగా గుంటలున్నాయి. ఒక్కోటీ బొటనవేలు దూరేంత, జానెడు జానెడు దూరంలో ఏడు. రాయి కొట్టేవాళ్లు తొలిచినవి. ఆ గుంటల్లో మేకులు దిగ్గొట్టి రాతిని చీలుస్తారు. సగం రాయి అలా చీలి ఎవరి ఇంటి పునాదిలోకో పోయింది, సగం ఇక్కడ మిగిలింది. పక్కవాటు వెలుగులో ప్రతి గుంటలోనూ ఓ నల్లటి చుక్క నీడ నిండి ఉంది. అవి కనిపించకుండా ఓ అడుగు జరిగి మూడోది తీశాను.

"ఎందుకు జరిగినవ్?"

"గుంటలు పడుతున్నాయి చిన్నాయనా. బాలేదు."

ఏమీ అనలేదు. కాసేపు ఆ గుంటల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నాడు. ఆయన అలా కూర్చున్నాడు కాబట్టి మళ్లీ వెనక్కి వచ్చి, గుంటలతో సహా నాలుగోది తీశాను. ఐదోది నాచు మీది నీటి బొట్లది, ఫోను రాతికి ఆనించి. ఏడుంబావుకల్లా వెలుగు తెల్లబడింది. రాళ్లు మళ్లీ ముద్ద కట్టడం మొదలుపెట్టాయి. మొత్తం అరగంట.

ఆఫీసు రాయదుర్గంలో. మెట్రో నీలం లైను ఆఖరి స్టేషను అక్కడే, 2019 నవంబరులో తెరిచారు. పొద్దున్న కోడ్ రివ్యూ జరుగుతుండగా మనసు మాటిమాటికీ గుట్ట మీదికే పోయింది. ఒంటిగంటకి లంచ్ బాక్సు పక్కన పెట్టి కిందికి దిగాను. మధ్యాహ్నం వెలుగుని ఊరికే చూడు, తియ్యాలనిపిస్తే ఒక్కటి తియ్యి అని చిన్నాయన పెట్టిన పని. మెట్రో స్తంభాల నీడలు ఉత్తరం వైపు పొట్టిగా పడి ఉన్నాయి. డిసెంబరు కదా, మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు, మేలో లాగ నెత్తిన ఉండడు. అయినా అద్దాల గోడలన్నీ ఒకే తెలుపులో మాసిపోయి ఉన్నాయి. పొద్దున నేను చూసిన రాగి రంగు టవర్లు ఇలాంటివేనంటే ఎవరూ నమ్మరు. ఫ్లైఓవర్ కింద మాత్రం వేరే లోకం. అక్కడ నీడలో ఒకాయన కొబ్బరిబొండాలు కొడుతున్నాడు. ఎండ పడిన రోడ్డు మీంచి వెలుగు ఎగిరొచ్చి ఆయన ముఖాన్ని కింది నుంచి మెత్తగా వెలిగిస్తోంది. అడిగి ఒకటి తీశాను. ఆరు. సీనరీ పనికిరాని వేళలో నీడ పట్టున ఉన్న మనుషులు, చెట్ల కింద, గుహల్లో, గుళ్ల మండపాల్లో ఉన్నవి పనికొస్తాయి. ఇది నాకు నేనుగా తెలుసుకున్న ముక్క.

రోడ్డుకి అవతల పక్క ఖాళీ స్థలంలో రెండు గుండ్లు మిగిలి ఉన్నాయి, చుట్టూ నీలం రేకుల కంచె. ఐటీ ఆఫీసుల కట్టడం సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. అంతకు రెండేళ్ల ముందే, 1996లో, ఈ ఊళ్లో రాళ్లని కాపాడుకోవడానికి కొందరు కలిసి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ పెట్టుకున్నారు. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన నరేంద్ర లూథర్ ఈ రాళ్ల మీద డాక్యుమెంటరీ తీశారు. వాళ్లు నిలబడి అడగబట్టే కొన్ని గుట్టలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. నాకు జీతమిచ్చే కట్టడం కింద కూడా ఇలాంటి గుట్టే ఉండి ఉంటుంది. ఆ మాట అనుకోగానే, పొద్దున గుంటల దగ్గర నేను పక్కకి జరగడం గుర్తొచ్చి, అన్నం సయించలేదు.

నాలుగున్నరకి లాగౌట్ చేసి దుర్గం చెరువుకి చేరేసరికి చిన్నాయన అప్పటికే నడకబాట పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నీళ్లు, నీళ్ల మీద కేబుల్ వంతెన. 2020 సెప్టెంబరు 25న మొదలైన ఈ వంతెన జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డుని ఇటు మాదాపూర్‌కి కలుపుతుంది. నడిమి భాగం రెండు స్తంభాల మధ్య 233 మీటర్లు, నీళ్లలో ఎక్కడా కాలు మోపకుండా తీగల మీద వేలాడుతుంది. వంతెన మీద బండి ఆపి ఫొటోలు తీసుకోబోయి ప్రమాదంలో పడ్డవాళ్లున్నారు, అక్కడ ఆపడం నిషేధం కూడా. అసలు వంతెన మీద నిలబడితే వంతెన కనిపించదు. చూడాలంటే చెరువు పక్కకే రావాలి.

గాలి మళ్లినప్పుడల్లా మురుగు వాసన వస్తోంది. అంచున గుర్రపుడెక్క ఒత్తుగా పట్టి ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకి తాగునీళ్లు ఈ చెరువు నుంచి వెళ్లేవి.

ఐదుంముప్పావుకి సూర్యుడు టవర్ల వెనక్కి జారాడు. చెరువు ఒడ్డున ఉన్నవాళ్లంతా ఆ నాలుగు నిమిషాలూ ఫొటోలు తీసుకున్నారు, ఫోన్లు జేబుల్లో పెట్టుకుని గేటు వైపు కదిలారు. నేనూ లేచాను.

"కూసో. ఇంక కాలే."

కూర్చున్నాను. ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు రాజా దీన్ దయాళ్ గురించి చెప్పాడు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేసి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1905లో పోయాడు. ఆయన తీసిన గాజు పలకలు వేలల్లో ఇప్పటికీ ఢిల్లీలో భద్రంగా ఉన్నాయి. "ఆయన బొమ్మల్ల ఒక్క గోడ వంకరుండది. నక్షాలు గీసిన చెయ్యి గదా. గాజు పలక బరువుంటది, పగుల్తది, బండ్ల మోసుకపోవాలె. గంత కష్టవడి మోసినోడు, చూడకుండ తీస్తడా?"

నాకు ఇవాళ రోజంతా పన్నెండు పలకలు మోసుకుంటూ తిరిగినట్టే ఉంది. బరువు లేని ఫోనుకి బరువు వచ్చింది.

ఆరు. ఆకాశం ముందు బూడిద రంగులోకి పోయింది, ఇక అయిపోయిందనిపించింది. తర్వాత మెల్లగా నీలం మొదలైంది. పగటి నీలం వేరు, ఇది సిరా నీలం. వంతెన తీగలకి దీపాలు వెలిగాయి, ఊదా నుంచి పచ్చకి, పచ్చ నుంచి ఎరుపుకి మారుతున్నాయి. ఆఫీసుల కిటికీలు గళ్లు గళ్లుగా వెలిగాయి. మొదట్లో దీపాలు పాలిపోయి ఉన్నాయి, ఆకాశానిదే పైచేయి. నిమిషం నిమిషానికీ ఆకాశం తగ్గుతోంది, దీపాలు పెరుగుతున్నాయి. ఎక్కడో ఒక చోట రెండూ సమానమవుతాయి.

"గిప్పుడు," అన్నాడు.

నడకబాట పక్కన గోడ మీద చేతిరుమాలు మడిచి పెట్టి, దాని మీద ఫోను ఆనించాను. మూడు సెకన్ల టైమర్. చీకట్లో ఫోను ఎక్కువసేపు కన్ను తెరుచుకుని ఉంటుంది, మన వేలు తగిలి కదిలినా చెదిరిపోతుంది. ఊపిరి బిగబట్టి చేతులు తీసేశాను. ఏడోది. నీళ్లలో తీగల వెలుగు తలకిందులుగా పొడుగ్గా పడింది. ముందు మాత్రం ఏమీ లేదు, ఖాళీ నీళ్లు. ఫోను ఇంకాస్త కిందికి దించి, గట్టు మీది గడ్డిపోచలు మూలకి వచ్చేలా పెట్టాను. ఎనిమిది. అప్పుడే ఓ నీటికాకి ఎక్కడి నుంచో వచ్చి నీళ్లకి ఆనుకుని ఎగిరిపోయింది. వెలుగు గీతలన్నీ అలలుగా విరిగాయి. తొమ్మిదోది తొందరపడి తీసి చెడగొట్టాను. మళ్లీ నీళ్లు నిలిచేదాకా ఆగాను. ఎంతసేపు ఆగానో తెలీదు. అలలు ఒక్కొక్కటీ చదునై, చివరి తీగ కూడా అద్దంలో అతికినట్టు నిలబడ్డాక పదోది తీశాను.

తెర మీద చూసుకుంటే ముందు గడ్డి, నడుమ నీళ్లు, దూరంగా వంతెన, దాని వెనక నీలం. ఫోను చిన్నాయనకిచ్చాను. కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. చాలాసేపు చూశాడు.

"పరదా మీది చెరువే గదనే ఇది," అన్నాడు. గొంతు మారింది. "కొండలొక్కటే తక్కువ."

ఆరుంబావు దాటగానే ఆకాశం నల్లబడిపోయింది. దీపాలు నల్ల గుడ్డ మీద అద్దిన చుక్కల్లా మిగిలాయి. ఇక తియ్యడానికి లేదు. నీలం ఉన్నది పది నిమిషాలు.

గేటు బయట బండి దగ్గర చాయ్ తాగుతూ పది ఫొటోలూ మళ్లీ ముందు నుంచి చూశాడు. వంతెన దగ్గర ఆగుతాడనుకున్నాను. వెనక్కి, వెనక్కి పోయి నాలుగోదాని దగ్గర ఆగాడు. గుంటలున్నది. రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఏడు గుంటలు, ఒక్కోదాన్నిండా నీడ, కుట్టు వేసినట్టు రాయి అంచు వెంబడి నడిచి, నేరుగా రాగి రంగు టవర్ల మొదట్లోకి పోతున్నాయి. తీసేటప్పుడు ఆ వరస అక్కడికి పోతోందని నేను చూడలేదు.

"గిది నీది," అన్నాడు. "గిది ఇంక ఎవల దగ్గర ఉండది. పన్నెండు బై ఎనిమిది కడిగించు. మెరిసే కాగితం వద్దు, మ్యాట్ కాగితం మీద తియ్యమను. జగిత్యాలకి తీస్కపోత."

"ఇంకా రెండున్నాయి చిన్నాయనా."

"ఉండనీ."

చాయ్ గ్లాసు పక్కన పెట్టి అరకు గ్రూపు తెరిచాను. రేపటి ప్రోగ్రామ్ ఎప్పుడో రాసి పెట్టుకున్నాం. విశాఖలో దిగగానే అరకు, మధ్యాహ్నం గాలికొండ వ్యూపాయింట్. ఎల్లుండి పొద్దున్న పదింటికి లేచి బొర్రా గుహలు, ఆ తర్వాత వంజంగి. అంతా చెరిపి తిరిగి రాశాను. మధ్యాహ్నం బొర్రా గుహలు, లోపల ఎలాగూ చీకటే, ఎండతో పని లేదు. గాలికొండ సాయంత్రం, పొద్దు గుంకాక కూడా అరగంట కదలొద్దు. రెండో రోజు మూడున్నరకి లేచి వంజంగి కొండ ఎక్కడం, వెలుగొచ్చేలోపు పైన ఉండాలి.

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. మూడున్నరా? నీకేమైంది? డ్రైవర్ ఒప్పుకుంటాడా? సెలవుల్లో కూడా నిద్ర లేకపోతే ఎలా?

నాలుగో ఫొటో గ్రూపులో పెట్టాను. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒకమ్మాయి అడిగింది, ఇది ఏ ఊరు, ఇక్కడికి కూడా పోదామా అని.

చిన్నాయన మఫ్లరు విప్పి, దాని కొసతో నా ఫోను లెన్సు మళ్లీ తుడుస్తున్నాడు.